విత్తనం కల్తీది కాదన్నందుకు

అరుణజ్యోతి గారూ,

మా ఆలూరు టమాటా రైతుల నష్టపరిహారం పోగొట్టింది మీరే. ముడత తెగులును తట్టుకుంటుందని అమ్మిన విత్తనానికే ముడత వస్తే, అది కల్తీ కాక మరేమిటి? అందుకే రైతు సంఘం నాయకత్వంలో ఉన్న నేను కరపత్రం వేయించి, చేవెళ్లలో ప్రేమ్‌చంద్ విత్తనాల దుకాణం ముందు ధర్నాకు జనాన్ని కూడగట్టాను. శాస్త్రవేత్తలైన మీరేమో ల్యాబులో ఆకులు పరీక్షించి వచ్చి, కౌలురైతు సంగమ్మ చేని గట్టు మీద నిలబడి అందరి ముందూ చెప్పేశారు.

"విత్తనం మంచిదే అవ్వా, ముడత తెచ్చే వైరస్సే మారింది. అది తన కాపీలు తీసుకునేటప్పుడు తప్పులు పడ్తయి. శానమట్టుకు దేనికీ పనికిరావు. ఒక్క తప్పు మాత్రం ఈ రకాన్ని గెలిచింది. ఇగ చేనంత అదే పాకింది."

"మా లీడర్ల లెక్కనే ఉన్నది గదనే!" అన్నది సంగమ్మ. నేను తప్ప అందరూ నవ్వారు.

కల్తీ కానప్పుడు విత్తన కంపెనీ పైసా ఇవ్వదు. ఆ కోపం నాకింకా ఉంది. కానీ మీరు మొహమాటానికి నాతో ఔనని ఉంటే, ప్రేమ్‌చంద్ దుకాణం అన్యాయంగా మూతపడేది. సంగమ్మ ఇంకోచోట అదే రకం కొని, తెగులు మొక్కల పక్కనే నాటి మళ్లీ మునిగేది. ఇప్పుడామె పాత మొక్కలు పీకి కాల్చేసింది. మీరు చెప్పిన కొత్త రకం నారు వల కింద పచ్చగా ఉంది. మీకు చేతులెత్తి మొక్కుతున్నాను.

అయినా నా డిమాండ్లు ఇవి:

వైరస్ మారిందని సంతకం పెట్టి రాసివ్వండి. పరిహారం సర్కారునే అడుగుతాం.

ఏటా మా చేలల్లో ఆకులు పరీక్షించి, ఏ రకం ఓడిపోయిందో నాట్లకు ముందే చెప్పండి.

పక్కనున్న మొయినాబాద్ మండలం రైతులకూ చెప్పండి. వైరస్‌ను మోసే తెల్లదోమకు మండలాల హద్దులుండవు.

సంగమ్మ తొలి కోతలో ఒక బుట్ట మీ ఇంటికి పంపుతుంది. వద్దనకూడదు.