పెరుగు డబ్బా సాక్ష్యం

బెడోక్, సింగపూర్
18 మార్చి 2000

చిరంజీవి అక్షరకు,

సుధామణి ఆంటీ దీవెనలు. ఇక్కడ మీ అంకుల్ మోకాలు తప్ప మిగతావన్నీ క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తానని రాద్దామనుకున్నాను గానీ, నిన్న వచ్చిన నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. నాలుగు పేజీలూ ఏడుపే! మీ అంకుల్‌కి చదివి వినిపిస్తుంటే ఆయన కాఫీ చల్లారిపోయింది. నా తెలుగు ఆదివారం బడిలో నేర్చుకున్నది. తాతల నాడు ఈ ఊరొచ్చిన వాళ్ళం, మధ్యలో అరవం ముక్క దొర్లితే సర్దుకో.

నాకు అర్థమైంది ఇదీ. ఫ్రాన్సులో ఆ లియాన్‌లో మీ విద్యార్థుల హాస్టల్లో గది చేతికిచ్చే ముందు ఒక కాగితం ఇస్తారు. గోడ మీద గీత, తలుపుకి సొట్ట, కారే కుళాయి, ఏది కనిపిస్తే అది అందులో రాసి సంతకం పెట్టాలి. తర్వాత తనిఖీకి వచ్చినప్పుడు, ఆ కాగితంలో లేని దెబ్బ ఏది కనిపించినా అది నీ ఖాతాలోకే పోతుంది. నువ్వేమో సెప్టెంబరులో దిగిన రోజే అంతా బాగుందని రాసి సంతకం గీకేశావు. ఇప్పుడు చేతులు కడుక్కునే బేసిన్‌కి పగులుందని పట్టుకున్నారు. నువ్వే పగలగొట్టావని ఒప్పుకుంటూ రాసివ్వకపోతే వచ్చే నెల నుంచి గది లేదని మేనేజరు అన్నాడు. చెయ్యని తప్పు ఒప్పుకోలేక, పరీక్షలు వదిలేసి, పెట్టె సర్దుకుని మా ఇంటికి వచ్చేస్తానంటున్నావు. నీ గది ఉంది కదా ఆంటీ అని అడిగావు.

పిచ్చిమొహమా! జూన్‌లో పరీక్షలు రాస్తే ఏడాది చదువు దక్కుతుంది. ఇప్పుడొచ్చేస్తే, నిన్ను ఏడాదికని అక్కడికి పంపిన ఇక్కడి యూనివర్సిటీలో ఆ ఏడాదంతా మళ్ళీ మొదటి నుంచి చదవాలి. ఒక బేసిన్ కోసమా?

ఆ సంతకం ఎందుకు పెట్టావో నాకు తెలుసు. పరాయి చోట కాలు పెట్టిన రోజే వంకలు పెడితే బాగుండదనుకున్నావు. నా ఇంట్లో అద్దెకున్నప్పుడూ అదే చేశావు కదా. నీ గదిలో ఫ్యాను కటకటమంటుంటే ఆరు నెలలు చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నావు. ఎలా ఉందమ్మా అని అడిగిన ప్రతిసారీ చాలా బాగుంది ఆంటీ అన్నావు. పక్క ఫ్లాట్ చాముండేశ్వరి చెబితే గానీ నాకు తెలియలేదు. ఎంత సిగ్గేసిందో! నేనేమన్నా పులినా, చెబితే మింగేస్తానా? నువ్వు మర్యాద అనుకున్నావు. నన్ను పరాయిదాన్ని చేశావే అని నాకు కష్టమేసింది. ఆ మాట అప్పుడు అనలేదు, ఇప్పుడంటున్నాను.

తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉండే మా హాకర్ సెంటర్‌లో మొదటి రోజు గుర్తుందా? సీటు చోప్ చేసుకోవడానికి, అంటే ఇది మనదని ముందే పట్టిపెట్టుకోవడానికి, టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళమన్నాను. ఎవరో పెద్దాయన దాన్ని పక్కకి జరిపి కూర్చుంటే, నువ్వు ట్రే పట్టుకుని పక్కనే నిలబడ్డావు. నేనొచ్చి ఇది మా సీటు అన్నాను. ఆయన సారీ లా అని నవ్వుతూ లేచాడు. అంతే! ఎవరికీ కోపం రాలేదు.

ఇప్పుడు కళ్ళు తుడుచుకుని, ఈ కవర్లో పెట్టిన నీలం కాగితం తియ్యి. నువ్వు గదిలో దిగిన మూడో రోజు నాకు రాసిన ఉత్తరమే అది. నువ్వు దిగేసరికే బేసిన్‌కి వెంట్రుకంత పగులుందనీ, నీళ్ళు కారుతుంటే కింద పెరుగు డబ్బా పెట్టుకున్నాననీ అందులో నీ చేత్తోనే రాశావు. అక్కడివాళ్ళకి చెప్పాల్సింది నాకు చెప్పావన్నమాట! మడిస్తే అదే కవరయ్యే కాగితం కాబట్టి పోస్టు ముద్ర కూడా దాని మీదే ఉంది. మేనేజరుకి తెలుగు రాదని గొణక్కు. మీ కాలేజీలో తెలుగు తెలిసిన వాళ్ళెవరైనా ఉంటే తీసుకెళ్ళి చదివించు. ముద్రలో తేదీ వాళ్ళ పోస్టాఫీసు వేసిందే. నీకంటే ముందు ఆ గదిలో ఎవరున్నారో కూడా అడుగు. గొంతు వణికితే వణకనీ, మాట మాత్రం మింగకు.

ఇక గది సంగతి. గది లేదమ్మా. పోయిన నెల అలేఖ్య అనే హైదరాబాదు అమ్మాయికి ఇచ్చేశాను. తంజోంగ్ పగార్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఈ ఏడాది కంప్యూటర్ పిల్లలు విమానాల నిండా దిగుతున్నారు, వారానికి ఇద్దరైనా గది కోసం తలుపు తడుతున్నారు. ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా పెట్టుకోవడానికి నాకేమన్నా మతిపోయిందా? సోఫా కూడా లేదు, మోకాలి నొప్పికి మీ అంకుల్ దాని మీదే పడుకుంటున్నారు. కాబట్టి ప్రస్తుతం నీకున్నది ఆ గది ఒక్కటే. దాని కోసం కొట్లాడు.

నువ్వు నోరు తెరిచావన్న కబురు కోసం చూస్తూ,

మీ సుధామణి ఆంటీ

తా.క. అక్షరా, నేను రామదాసు అంకుల్ని. కవరు అంటించి పోస్టులో వేసే పని నాది కాబట్టి ఈ నాలుగు ముక్కలకి సందు దొరికింది. అలేఖ్య వచ్చిన మాట నిజమే. గది నచ్చిందని కూడా అంది. మీ ఆంటీ ఇందులో మనిషి ఉందమ్మా అని చెప్పి, జురాంగ్ వెస్ట్‌లో తెలిసిన వాళ్ళింటికి పంపించేసింది. ఆ తర్వాత వచ్చిన వాళ్ళందరికీ అదే మాట. పోయిన ఆదివారం పాత ఫ్యాను పీకించి కొత్తది పెట్టించింది. శబ్దం వస్తుందేమోనని రోజూ మధ్యాహ్నం నీ మంచం మీద కూర్చుని వింటోంది. నేను చెప్పానని అనకు. పరీక్షలు రాసే రా. నీ మంచం మీద టిష్యూ ప్యాకెట్ ఒక్కటే తక్కువ.