వాన రోజుకి మిగిల్చిన సిగ్నల్

లిమరిక్

అక్కా,

నీ చెల్లెలు సుజాత నీ పాదాలకు దణ్ణం పెట్టి రాస్తోంది. ఇక్కడ నేను, మీ మరిది, చిన్ను బాగానే ఉన్నాం. అక్కడ మీరంతా ఎలా ఉన్నారని అడగాలి కదా, ఆ వాక్యం దగ్గరే కలం ఆగిపోతోంది. బావ పోయి నెల దాటింది. నిన్ను ఎలా ఉన్నావని ఏ మొహం పెట్టుకుని అడగను?

ఆస్పత్రి నుంచి ఆ కబురు వచ్చినప్పటి నుంచీ, ఫోను మోగితే చాలు నువ్వు లేచి పెరట్లోకి వెళ్లిపోతున్నావని మీ అమ్మాయి స్వాతి చెప్పింది. నేను రోజూ చేస్తూనే ఉన్నాను. నువ్వు ఎత్తడం లేదు కాబట్టి కాగితం పట్టుకున్నాను. విమానాలు సరిగా లేక ఇది ఎప్పటికి చేరుతుందో తెలియదు. మా గురించి మాత్రం దిగులు పడకు, మేం బాగానే ఉన్నాం.

ఆఫీసు ఇంట్లోంచే. ఈ లిమరిక్ ఊళ్లో మే నెలలో కూడా స్వెటర్ విప్పనివ్వని చలి, దానికి తోడు వాన. గోంగూర దొరకదు. పాలకూరలో చింతపండు పిండి గోంగూర అని పెడితే చిన్ను "ఇట్స్ గ్రాండ్, అమ్మా" అని తినేస్తాడు. వాడికి అసలుది తెలిస్తే కదా.

నీ ఉద్యోగం ఏమిటే అని ఎప్పుడూ అడిగేదానివి. ఒక కొండ మీది డిష్షు నుంచి ఇంకో కొండ మీది డిష్షుకు గాలిలో సిగ్నల్ పంపడం. మధ్యలో తీగ ఉండదు. వాన జోరుగా కురిస్తే ఆ సిగ్నల్‌ను తినేస్తుంది. అందుకని అవతలి డిష్షుకు అవసరమైన దానికంటే బాగా ఎక్కువ అందేలా ముందే చూసుకుంటాం. ఆ మిగులును ఫేడ్ మార్జిన్ అంటారు. తెనాలిలో బావ కేబుల్ టీవీ ఆఫీసులో ఈ చదువు నాకు ముందే అయింది. వాన పడి బొమ్మ పోగానే జనం ఫోన్లు చేసి తిట్టేవాళ్లు, ఆయన గొడుగేసుకుని మేడెక్కేవాడు. "ఎండలో వస్తే గొప్పేంది అమ్మాయ్, వానలో రావాల గాని" అనేవాడు.

ఇక్కడికి దగ్గర్లో ఒక కొండ మీద పల్లె ఉంది. లాక్‌డౌన్‌లో పిల్లల క్లాసులు, పెద్దల ఆఫీసులు అన్నీ ఇళ్లలోకి వచ్చేసరికి ఇంటర్నెట్ వేగం చాలట్లేదని ఒకటే గోల. వేగం పెంచెయ్యమన్నాడు మా మేనేజరు. పెంచితే సిగ్నల్ ఇంకా బలంగా కావాలి, మిగులు కరిగిపోతుంది. ఎండ రోజు చూసి మురిస్తే వాన రోజు ఏడవాలని నేను మొండికేశాను. ఆ ఊళ్లో పశువులు పెంచే ముసలాయన మార్టిన్ నా నంబరు సంపాదించి, "నీ ఇంటర్నెట్టు కన్నా మా గాడిద నయం" అని దులిపేశాడు.

కొన్నాళ్లకు ఆయన భార్య నోరీన్‌ను కోవిడ్‌తో ఆస్పత్రిలో చేర్చారు. ఈయన్ని లోపలికి రానివ్వరు. సాయంత్రాలు నర్సు వీడియో కాల్ పెట్టి టాబ్లెట్ పట్టుకుంటే ఇంట్లోంచి ఆవిణ్ణి చూసుకునేవాడు. మళ్లీ ఫోను చేశాడు, ఈసారి తిట్టడానికి కాదు.

"లైను తెగదు కదా తల్లీ?"

తెగదన్నాను. ఏ ధైర్యంతో అన్నానో.

పోయిన వారం ఒక సాయంత్రం గాలివాన. వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని చూస్తూనే ఉన్నాను, మిగిల్చినదంతా వాన తినేస్తోంది. ఉన్న వేగం కూడా బాగా తగ్గించేశాను. తక్కువ మోస్తే బలహీనమైన సిగ్నల్ కూడా తెగకుండా నిలుస్తుంది. ఊరంతా వీడియోల్లో బొమ్మలు ఆగిపోయాయి. తిట్లకు సిద్ధపడి కూర్చున్నాను.

మర్నాడు మార్టిన్ చేశాడు. నోరీన్ ఆ సాయంత్రమే పోయిందట.

"మొహం కనపడలేదమ్మా. తనకు మాట్లాడే ఓపికా లేదు. ఊపిరి మాత్రం వినపడింది. చివరిదాకా విన్నాను" అన్నాడు.

ఫోను పెట్టేసి, చిన్నుకు వినపడకుండా కుళాయి తిప్పి వదిలి, సింకు దగ్గర నిలబడి ఏడ్చాను. బావకు అలా ఫోను పట్టిన వాళ్లు లేరు. నీకు ఆ ఊపిరైనా వినపడలేదు. ఊరివాళ్లకు లైను నిలబెట్టిన దాన్ని, నీకేమీ చెయ్యలేకపోయాను అక్కా.

బావ నడుముకు వేలాడేసుకు తిరిగిన సిగ్నల్ మీటరు ఎవరికీ ఇవ్వకు, నాకు దాచు. వేళకి ఇంత తిను. మీ అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పు, స్వాతికి ముద్దులు. దారులు తెరవగానే వచ్చి నీ పక్కన కూర్చుంటాను. అందాకా నన్నూ చిన్నునూ దీవించు. మేం బాగానే ఉన్నాం.

ఒక్కటే అడుగుతున్నాను. నువ్వు రాత్రి వంట మొదలుపెట్టే వేళకి రోజూ ఫోను చేస్తాను. ఆ మోతకు భయపడకు, ఆ వేళకి మోగేది నేనే. మాట్లాడక్కర్లేదు, మొహం చూపించక్కర్లేదు. ఎత్తి పొయ్యి పక్కన గట్టు మీద పెట్టి నీ పని చేసుకో. నీ కుక్కరు కూత వినపడితే నాకు చాలు.

నీ చెల్లెలు
సుజాత