బొట్టు పెట్టిన లాప్‌టాప్

తొండియార్‌పేట

ప్రియమైన అక్కకు,

మేము క్షేమం. ఫోన్‌లో మాట్లాడితే అత్త పక్కనే ఉంటుంది, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

అత్త పురసవాక్కం బట్టల కొట్టులో పని ముగించుకుని వచ్చేసరికి ఆమె సీరియల్ అయిపోతుంది. ఇంట్లో టీవీ కూడా పాడైంది. అందుకని మా ఆయన తన పాత లాప్‌టాప్‌ను కేబుల్‌కు కలిపి, అది దానంతటదే రికార్డు చేసేలా పెట్టారు. భోజనాలయ్యాక అత్తా నేనూ కలిసి చూస్తాము.

ఆయుధపూజ నాడు అత్త దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, మూసేసి దండ వేసింది. "ఈ పొద్దు దీనికీ లీవే. ఎవురూ తాకబాకండి" అంది. మూస్తే రికార్డు కాదని నాకు తెలుసు. కొత్త కోడలిని, చెప్పడానికి నోరు రాలేదు. ఆ రోజే సీరియల్‌లో పెళ్లి!

మరునాడు తెరిచి చూస్తే ఆ భాగం లేదు. అత్త దిగులు చూడలేక, "మా అక్క చూసి నాకు చెప్పింది" అనేశాను.

"అట్నా? చెప్పుమ్మా!" అంటూ దగ్గరికి జరిగింది.

తాళి కట్టే వేళకు పెళ్లికొడుకు మేనత్త వచ్చి పెళ్లి ఆపిందనీ, పెళ్లికూతురే ఆమెను బతిమాలి ఒప్పించిందనీ చెప్పాను. ఈ ఇంట్లో నేను అంతసేపు మాట్లాడటం అదే మొదలు. అత్త కళ్లు తుడుచుకుంది. తరువాతి భాగంలో అందరూ ఏడుస్తూనే ఉన్నారు కాబట్టి నా మాట నిలిచింది.

దీపావళికి నువ్వు వస్తే అత్త ఆ పెళ్లి గురించి తప్పక అడుగుతుంది. మేనత్తను మరిచిపోకు. ఆమె కట్టింది ఆకుపచ్చ చీర అని చెప్పాను.

నువ్వు చూసే ఉంటావు కదా. నిజంగా ఏమైందో వంటింట్లో నా చెవిలో చెప్పు. పెళ్లి అయిందా?

నీ చెల్లెలు