ఫ్రిజ్ ఉన్న జీపు

హన్మకొండ,
నవంబరు మొదటి వారం

దీపక్కా,

మా వాళ్ళ ఉత్తరాలన్నీ "ప్రభువు నామంలో వందనాలు" అని మొదలవుతాయి. అలా రాస్తే నువ్వు స్టాఫ్‌రూములో అందరికీ చూపించి నవ్వుతావని మానేశాను. నిన్ను ఆ అడవిలో గురుకులానికి బదిలీ చేసినవాళ్ళకు నా ఉసురు తగలాలి. ఫోను చేద్దామంటే నీకు సిగ్నల్ ఉండదు. ఉన్నా నేను మాట్లాడలేను. మా వంటగదిలో గుసగుసలాడినా ముందు గదిలో అత్తమ్మకు వినిపిస్తుంది. అందుకే ఈ కాలంలో కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదో తరగతి వాళ్ళకు లెక్కల స్లిప్ టెస్టు ఇచ్చి, వాళ్ళు రాస్తుంటే నేనూ రాస్తున్నాను.

విశేషం ఏమిటంటే మేము ఫిబ్రవరిలో శ్రీలంక వెళ్తున్నాం. బస్సులో కూర్చోబెట్టి తిప్పే టూరు కాదు. మా ఆయన జాన్సన్ సంగతి నీకు తెలుసు కదా. ట్రాక్టరు విడిభాగాల షాపులో పని చేస్తాడు గానీ మనసంతా ఆ పాత జీపు మీదే. సెలవు దొరికితే దోస్తులతో పాకాల వైపు మట్టిదారుల్లో పడి, చెవుల్లో కూడా బురదతో తిరిగొస్తాడు. ఇప్పుడు ఆ పిచ్చి సముద్రం దాటింది. కొలంబోలో నాలుగు చక్రాలకూ బలం అందే జీపు అద్దెకిస్తారట. నెత్తిన మడత గుడారం, వెనక పొయ్యి, గిన్నెలు అన్నీ దానిలోనే. పది రోజులు మనమే నడుపుకుంటూ కొండల్లో తేయాకు తోటల వెనక దారులు, వాగులు దాటుకుని, చివరికి సముద్రం ఒడ్డున ఇసుకలోకి దిగాలి.

భోజనాల బల్ల మీద శ్రీలంక మ్యాపు పరిచే ఉంది. దానిమీదే తింటున్నాం. మొన్న క్యాండీ మీద పప్పుచారు ఒలికింది. ఏ వాగులో నీళ్ళు ఎంత ఉంటాయి, ఏ ఊళ్ళో డీజిలు దొరుకుతుంది, మన లైసెన్సు మీద అక్కడ ఇంకో కాగితం ఎవరిస్తారు, ఇవే మా మాటలు. జీపు అద్దెకిచ్చేవాడితో జాన్సన్ రోజూ వాట్సాప్‌లో బేరం. ఫ్రిజ్ ఉన్న బండే కావాలని పట్టు. అడవిలో చల్లనీళ్ళు తాగకపోతే చస్తావా అని వెక్కిరించాను. నవ్వి ఊరుకున్నాడు.

నన్ను కూడా నడపమన్నాడు. వారం వారం హసన్‌పర్తి చెరువు వెనక మట్టిదారికి తీసుకెళ్ళి నేర్పుతున్నాడు. మొదటిరోజు పొలం గట్టు ఎక్కించి ఆపేశాను. మూడోసారికి బురదగుంటలోంచి నేనే బయటికి లాగాను. అక్కా, ఎలా చెప్పను? తొమ్మిదేళ్ళుగా నా ఒళ్ళు నాది కాదు. స్కానింగులు, సూదులు, రక్తపరీక్షలు, ఎవరో పడుకోమంటే పడుకోవడం, ఎవరో లేవమంటే లేవడం. ఇంటికొస్తే నెల తప్పిందా అని అడిగేవాళ్ళు. ఆ రోజు నా కాళ్ళు, నా చేతులు నేను చెప్పిన పని చేశాయి. బండి గట్టెక్కాక స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. భయపడ్డాననుకుని జాన్సన్ నీళ్ళు తాగించాడు.

ఇప్పుడు అసలు మాట. పిల్లల కోసమని తిరిగే ఆ దవాఖానకు నేనింక పోను. పోయినసారి ఫెయిలైన రోజే నిశ్చయించుకున్నాను. ఈ మాట జాన్సన్‌తో ఇంకా అనలేదు. ఇక్కడ అనలేను, గోడలకు చెవులున్న ఇల్లు ఇది. అక్కడ ఏదో కొండమీద, ఎవరూ లేనిచోట బండి ఆపి చెప్పేస్తాను. నేను ఈ ప్రయాణానికి ఒప్పుకున్నది అందుకే. ఆయన ఏడుస్తాడని తెలుసు. ఏడిస్తే ఏడవనీ, అక్కడ చుట్టాలు ఉండరు.

గంట కొట్టారు. పిల్లలు పేపర్లు ఇస్తున్నారు.

నీ
ప్రియాంక


హన్మకొండ,
నవంబరు చివర

నా బంగారు దీపక్కా,

నీ జవాబు అందింది. కొండ దాకా మోసుకుపోవడం ఎందుకు, ఇక్కడే చెప్పి దించుకో అని రాశావు. అది అందిన రోజే నీ మాట వినవలసింది.

మా చర్చిలో ఆరాధన మధ్యలో ప్రార్థన అవసరతలు చెప్పే వేళ ఒకటి ఉంటుంది. ఎవరి కష్టం వాళ్ళు లేచి చెప్పుకుంటారు. కొడుక్కి ఉద్యోగమనీ, మోకాళ్ళ నొప్పులనీ, బోరులో నీళ్ళు పడాలనీ. అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. అది మంచి అలవాటే, నేను కాదనను. మామయ్య పోయినప్పుడు ఆ మనుషులే మమ్మల్ని నిలబెట్టారు. కానీ మా అత్తమ్మ సువార్తమ్మ తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం లేచి నా కడుపు గురించి చెబుతోంది. ఆమె లేవగానే నేను తల దించుకుని కింద పరిచిన కొత్తవాడ జంపఖానా చారలు చూస్తుంటాను. ఏ చార పక్కన ఏ రంగు ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను.

పోయిన ఆదివారం కూడా ఆమె లేచింది. ఎప్పటి మాటే కదా అనుకున్నాను.

"నా కొడుకు, కోడలు సముద్రం అవుతలికి పోతాండ్రు," అంది. "ఆడికి పోయినంక సూదులు మొదలువెడ్తరు. మందు చల్లగ ఉండాల్నని నా కొడుకు ఫ్రిజ్ ఉన్న బండి మాట్లాడిండు. ఈసారన్న దేవుడు దాని కడుపు పండియ్యాలె. సంఘమంత ప్రార్థన జెయ్యాలె."

అందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అలవాటుగా అన్నాను. తర్వాత గానీ ఆ మాటలు నా తలకెక్కలేదు.

ఫ్రిజ్ చల్లనీళ్ళకు కాదు. నా పొట్టలో పొడుచుకునే మందు చెడిపోకుండా ఉండడానికి. పోయినసారి డాక్టరమ్మ, కొంచెం విశ్రాంతి తీసుకుని రండి, మళ్ళీ చూద్దాం అంది. ఆ విశ్రాంతే ఈ శ్రీలంక. రోజూ వేసుకునే సూదులు అక్కడే మొదలుపెట్టి, తిరిగొచ్చి దిగగానే దవాఖానకు వెళ్ళేలా జాన్సన్ తేదీలు కుదిర్చాడు. ఆ సంగతి అత్తమ్మతో చెప్పుకున్నాడు. నాతో మాత్రం అక్కడికి వెళ్ళాక, మనసు బాగున్నప్పుడు చెబుదామనుకున్నాడట. ఇంటికొచ్చి నిలదీస్తే చెప్పిన మాట ఇది. నేను ఆయనకు చెప్పకుండా ఒక మాట దాచుకుని బయలుదేరుతున్నాను, ఆయన నాకు చెప్పకుండా ఇంకొకటి. ఇద్దరం ఒకే కొండకు మోసుకెళ్తున్నాం. వేరేవాళ్ళ సంగతి అయితే నవ్వేదాన్ని.

ఆరాధన కాగానే ఆడవాళ్ళు నా చుట్టూ చేరారు. చిలుకమ్మ పెద్దమ్మ ప్రార్థన చేయించిన నూనె సీసా చేతిలో పెట్టి, ఆ దీవిలో పడుకునే ముందు పొట్టకు రాసుకోమంది. ఒకామె ఎగుడుదిగుడు దారుల్లో తిరగొద్దని హెచ్చరించింది. ఇంకొకామె తిరిగితేనే మంచిదని సాగదీసింది. బైబిల్లో ముసలితనంలో కన్న తల్లుల కథలు మళ్ళీ మొదలయ్యాయి. అవన్నీ నాకు కంఠతా వచ్చు. నా సెలవు కూడా సంఘం పాలైంది. నాకంటూ మిగిలిన పది రోజులు అవే.

ఇంటికొచ్చి మ్యాపు మడిచి అల్మారా మీద పెట్టేశాను. జాన్సన్ ఏమిటని అడిగితే రానన్నాను. ఎందుకు రావో చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పలేకపోయాను చూడు. ఆయన మొహం చూస్తే నా నోరు పడిపోతుంది. అంత ఆశ ఉన్న మనిషికి ఆ మాట ఎలా చెప్పను? కోపం పడే ఓపిక కూడా లేదు, అక్కా. పడుకుని లేచినా అలసటగానే ఉంది.

ఒకటి మాత్రం అనుకున్నాను. నా సంగతి అందరికీ తెలిసింది చర్చిలోనే కదా, తేల్చేదీ అక్కడే తేలుస్తాను. వచ్చే ఆదివారం అత్తమ్మ కంటే ముందు నేను లేస్తాను. ప్రయాణం పోతే పోనీ, కాపురం కూడా పోతుందేమో తెలియదు.

నీ
ప్రియ


హన్మకొండ,
డిసెంబరు

దీపక్కకు,

లేచాను.

గొంతు బాగానే పలికింది, ఇరవై ఏళ్ళుగా పిల్లలకు లెక్కలు చెప్పిన గొంతు కదా అని నువ్వంటావు. పదిహేనేళ్ళే, ఎక్కువ చెయ్యకు.

"నా కడుపు కోసం మీరు చేసే ప్రార్థన ఇగ ఆపుండ్రి," అన్నాను. "నేను సూదులు ఏసుకోను. దవాఖానకు పోను. నాకు దేవుని మీద కోపం లేదు, మీ మీద లేదు. అలిసిపోయిన."

కూర్చున్నాను. అత్తమ్మ చెంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. పాస్టరు గారు, మన సహోదరికి విశ్రాంతి దొరకాలని ప్రార్థిద్దాం అన్నారు. ఆయన ఎప్పుడూ పొడుగ్గా ప్రార్థిస్తారు, ఆ రోజు రెండు మాటల్లో ముగించారు. తలెత్తి మగవాళ్ళ వైపు చూస్తే జాన్సన్ చోటు ఖాళీగా ఉంది.

అంతే, అయిపోయింది అనుకున్నాను. బయటికి వెళ్తే జీపులో డ్రైవరు పక్క సీటులో కూర్చుని ఉన్నాడు. నేను వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాను, ముందర వేరే సీటు లేదు కాబట్టి. ఆయన రోడ్డు వైపు చూస్తూ అన్నాడు:

"నేను చాలనుకోని రెండేండ్లాయె."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను.

"ఇగ వద్దనుకున్న. నువ్వు ఏడుస్తవని చెప్పలే. డాక్టరమ్మ ఇంకోసారి చూద్దామన్నప్పుడల్ల నువ్వే ముందుగాల తల ఊపినవ్."

"నీ మొహం చూసి ఊపిన," అన్నాను.

ఫ్రిజ్ సంగతి అడిగాను. తను ఏర్పాటు చేయకపోతే, జాన్సన్‌కు ఆశ పోయింది, నేను బరువైపోయాను అని నేను అనుకుంటానేమోనని చేశాడట. నేను అక్కడికి వెళ్ళాక వద్దంటే ప్రాణం లేచొచ్చేదట. నేనే అనాలని ఎదురుచూస్తున్నాడట.

అక్కా, అది వినగానే నాకు హాయిగా ఉండాలి. నువ్వూ అలానే అనుకుంటున్నావు కదా? ఒళ్ళు మండిపోయింది. ఆ రెండేళ్ళలోనే కదా ఒకసారి కడుపు నిలిచి, నెలన్నరకే పోయింది. ఆ రెండేళ్ళలోనే కదా పొట్ట మీద సూది గుచ్చడానికి చోటు లేక తొడలకు మార్చుకున్నది. ఒక్క మాట, ఇద్దరిలో ఎవరు అన్నా సరిపోయేది. ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉండబట్టే ఇంత బాధ పడ్డామని జాన్సన్ అన్నాడు. ఆ ప్రేమను తీసుకెళ్ళి చెరువులో పారేయమన్నాను. ఇల్లు చేరేదాకా బండి ఎలా నడిపానో తెలియదు. ఇంటికొచ్చి ఎవరిని తిట్టాలో తెలియక చిలుకమ్మ పెద్దమ్మ ఇచ్చిన నూనె సీసాను తిట్టాను.

అత్తమ్మ కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. వంట చేసి మూతపెట్టి చర్చి ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళిపోయేది. మొన్న నేను బట్టలు మడతపెడుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది. ముందే తనతో చెబితే సంఘంలో అలా అనేది కాదు కదా అని నిష్ఠూరమాడింది. "మీకు చెప్తే సంఘంల చెప్పినట్టే గద, అత్తమ్మా," అన్నాను. ఆమెకు నవ్వు రాబోయింది, ఆపుకుంది.

"నాకైతే ఆశ సావలే, బిడ్డా," అంది. "ఇగ సంఘంల అడగ. నా మంచం మీద కూసోని అడుగుత. దానికి నీ పర్మిషన్ అక్కర లేదు."

అక్కర లేదన్నాను. తొమ్మిదేళ్ళలో మేమిద్దరం నిజం మాట్లాడుకున్నది అప్పుడే అనుకుంటాను. నా జాకెట్లు ఆమె మడిచింది, ఆమె చీరలు నేను మడిచాను.

ప్రయాణం మానేద్దామా అని జాన్సన్ అడిగాడు. తప్పు చేసిన పిల్లాడిలా గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు. వద్దు, వెళ్దాం అన్నాను. అల్మారా మీద నుంచి మ్యాపు దించాను. ఫ్రిజ్ లేని బండి చాలని అద్దెకిచ్చేవాడికి నా ముందే మెసేజ్ పెట్టాడు. దవాఖాన కోసం కుదించిన రోజులు మళ్ళీ కలిపాం. దానితో తీరం వెంబడి ఇంకొంచెం దూరం వెళ్ళొచ్చు. కొండదారి తను నడుపుతాడట, ఇసుకలో నేనట. ఇసుకలో టైర్లలో గాలి తగ్గించి, ఆగకుండా ఒకే పట్టున పోవాలని నేర్పాడు. ఇదంతా మాట్లాడుతున్నంతసేపూ నాకు ఆయన మీద కోపం అలాగే ఉంది. ఆయనకూ నా మీద ఉంది, చర్చిలో అందరి ముందు అన్నానని. పోగొట్టుకుని వెళ్దామంటే ఫిబ్రవరి లోపల పోయే కోపాలు కావివి. కోపంతోనే వెళ్తాం.

భయం దానికి కాదు. నిన్న రాత్రి భోజనాల దగ్గర దారుల సంగతి మాట్లాడటం అయిపోయింది. ఆ తర్వాత ఇద్దరం ఖాళీ కంచాల ముందు ఊరకే కూర్చున్నాం. రిపోర్టులు, తేదీలు, మందులు, ఇవి తప్ప మా మధ్య వేరే మాట నడిచి ఎన్నేళ్ళయిందో. ఇప్పుడు అవి లేవు. ఒకే బండిలో, ఒకే గుడారంలో అన్ని రోజులు ఏం మాట్లాడుకుంటాం? పెళ్ళయిన కొత్తలో జాన్సన్ తెల్లవార్లూ మాట్లాడేవాడు, నేను నిద్రపోనిమ్మని కసిరేదాన్ని. ఏం మాట్లాడేవాడో గుర్తు తెచ్చుకుందామని ఈ ఉత్తరం మధ్యలో ఆపి కూర్చున్నాను. ఒక్క మాటా గుర్తు రాలేదు, అక్కా. వెళ్ళి ఆయన్నే అడగాలి.

నీ చెల్లెలు,
ప్రియాంక