పొలుసు మీద పొలుసు

అక్కా,

నువ్వు పోయాక నీ కూతుర్ని పెంచింది నేను. ఇప్పుడది రాజమండ్రిలో నీలాగే బోటనీ చదువుతోంది. సెలవని ఇంటికొచ్చింది. పొద్దున నేను చేపకు బూడిద రాసి, తోక వైపు నుంచి పొలుసు తీస్తుంటే పక్కన చేరింది.

"ఇలా ఒకదాని అంచు ఇంకోదాని మీదకి ఎక్కితే ఇంబ్రికేట్ అంటారు పిన్నీ. మొగ్గలో రేకులకీ అదే మాట. చిన్నప్పుడు అమ్మ తంగేడు మొగ్గ విప్పి చూపించింది."

ఇన్నేళ్ళూ దానికి జడలు వేసింది నేను. దాని నోట్లో మాట మాత్రం నీది. నాకు కడుపు మండిపోయింది.

మధ్యాహ్నం పులుసు కలుపుకుంటూ అది మెల్లగా అంది: "అమ్మ పులుసు ఎలా ఉండేదో మర్చిపోయాను పిన్నీ. ఎంత తలుచుకున్నా నీదే గుర్తొస్తోంది."

గెలిచాననే అనుకున్నానక్కా. కానీ చేతిలో ముద్ద కంచంలో పెట్టి, నీ పులుసు ఎలా ఉండేదో దానికి చెప్పడం మొదలుపెట్టాను.