మెడ దాకా పాకిన మచ్చ

1989 అక్టోబర్ 17

సరే, నేను తొమ్మిదిలో బడి మానేసినవాణ్ణే. ఫిలింలు కడుగుడు వేరు, చదువుడు వేరు, నోరు మూస్కో తుల్సీ అని నిన్న మా ద్వాలి అక్క డార్క్‌రూమ్ తలుపు దగ్గర అరిచింది. నిజమే, ఎక్స్‌రే ఫిలింలు కడగడమే నా పని. అయినా అక్క ఫిలింలో ఉన్నది టీబీ కాదు.

అక్క ఈ దవాఖానాలోనే హౌస్ సర్జన్. వచ్చే నెలతో అయిపోతుంది. రేడియాలజీ సీటుకు అప్లికేషన్ పెట్టాలి. దానికి ఛాతీ ఎక్స్‌రే చూసి పెద్ద డాక్టర్ ఫిట్‌నెస్ రాయాలి. ఆయన కుడివైపు పైన మచ్చ చూసి, టీబీ అని పెన్ను మూసేశాడు. ముందు మందులు మింగు, సీటు సంగతి వచ్చే ఏడు అన్నాడట.

ఆఖరి తేదీ ఇరవై ఐదు.

అక్టోబర్ 18

ఫిలిం మళ్లీ చూశాను. మచ్చ ఊపిరితిత్తి దాటి మెడ దాకా పాకింది. ఊపిరితిత్తి మెడలో ఉంటుందా?

అది జడ నీడ. తండా ఆడవాళ్ల ఫిలింలలో ఎన్నిసార్లు చూశానో. ఎక్స్‌రే రోజు పొద్దున్నే తండా నుంచి అమ్మ వచ్చింది. డాక్టరమ్మవైతే ఏంది, నెత్తి గిట్ల పెట్టుకుంటరా అని తిట్టి, నూనె రాసి బిగించి అల్లింది. అక్క దాన్ని కుడి భుజం మీంచి ముందుకేసుకుని అలాగే ఎక్స్‌రే ప్లేటుకు ఆనింది.

అక్టోబర్ 19

అది జడ అని అక్కకు చెప్పాను. పెద్ద డాక్టర్‌కు కండ్లు లేవు, నీకే ఉన్నయా అంది. ఇంకో ఫిలిం తీయిద్దామంటే వద్దంది.

అక్టోబర్ 20

ఇవాళా వద్దనే అంది.

అక్టోబర్ 23, మధ్యాహ్నం

అసలు సంగతి ఇవాళ బయటపెట్టింది. రెండోసారి గూడ మచ్చ ఉంటే ఏం జెయ్యాలెరా అంది. జడ పైకి కట్టుకోమని క్లిప్పు ఇచ్చాను.

సాయంత్రం

ఎక్స్‌రే తీసే రామన్న, ఫిలింలు మీ తండాల చెట్లకు కాస్తయా అని గొణిగాడు. తీశాడు. నేను కడుగుతుంటే అక్క ఎర్ర బల్బు కింద నా పక్కనే నిలబడింది. బయటికి తెచ్చి వెలుతురుకు పెట్టాం. రెండువైపులా నల్లగా, శుభ్రంగా ఉంది. అక్క పాత ఫిలిం కూడా పక్కన పట్టుకుంది. ఏడ జూసినవో జర చూపియ్యిరా అంది. చూపించాను.

పెద్ద డాక్టర్ రెండు ఫిలింలూ చూసి పెన్ను తెరిచాడు. సంతకం పెట్టాడు.

అక్టోబర్ 24, పొద్దున ఆరు, బస్టాండ్

పోస్టులో వేస్తే రేపటికి అందదు. అక్కకు డ్యూటీ, అందుకే నేనే హైదరాబాద్ పోయి ఇచ్చొస్తా. అప్లికేషన్ నా సంచిలో ఉంది. పాత ఫిలిం పారెయ్యమంది. అదీ సంచిలోనే ఉంది. తిరిగొచ్చేటప్పుడు అమ్మకు చూపిస్తా. వెలుతురుకు పెడితే జడ మూడు పాయలూ కనిపిస్తున్నాయి. హైదరాబాద్ బస్సు వచ్చింది. పోవాలి.