రాజనగరు గేటు కాపలాదారును ఏడో తరగతి పరీక్షకు కూర్చోనివ్వడం గురించి

జిల్లా విద్యాధికారి గారి సముఖమునకు,
బుకోండె రాజ్యం, కిరెంబె కొండ, రాజనగరు పెద్ద గేటు కాపలాదారు ర్వకైకర ఆరాలీ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఏడో తరగతి ప్రభుత్వ పరీక్షకు నేను పెట్టుకున్న దరఖాస్తును తమ కార్యాలయం వారు రెండు పర్యాయములు తిప్పి పంపుట – ఈ శుక్రవారంతో గడువు ముగియుచుండుట – తత్సంబంధముగా.

1. నేను ముప్పయ్యొక్క సంవత్సరములుగా సదరు గేటు వద్ద ఈటె పట్టుకుని నిలబడి ఉద్యోగం చేయుచున్నవాడను. గత సోమవారం దరఖాస్తు పట్టుకుని తమ కార్యాలయానికి రాగా, తమ గుమాస్తా గారు నా వెనక్కి తొంగి చూసి, "పిల్లాడేడీ తాతా?" అని అడిగారు. "పిల్లాణ్ణి నేనే బాబూ" అని మనవి చేసుకున్నాను. ఆయనకు పొలమారింది. దరఖాస్తు మీద ఉన్న టీ మరక ఆ విధముగా ఏర్పడినదే తప్ప నా అశ్రద్ధ వల్ల కాదని గమనించ ప్రార్థన.

2. ఈ వ్యవహారానికి మూలకారకులు మా రాణి కబటల్య గారు. ఆమె మహారాజు గారిని పెళ్లాడక మునుపు చెరువు అవతలి బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేవారు. పద్నాలుగేళ్ల క్రితం పెళ్లినాడు, ఆచారం ప్రకారం, ఇరవయ్యారు వంశాల వాళ్లూ తలా ఒక దూడను తోలుకొచ్చారు. రాణిగారు మోకాళ్ల మీద కూర్చుని పెద్దలకు నమస్కరించి, "దూడల్ని ఇంటికి తోలుకెళ్లండి. బడికి పోని ఆడపిల్ల మీ వంశంలో ఎవరుందో చెప్పండి. ఆ పిల్లను బడిలో వేయండి. నాకు అదే కానుక" అన్నారు.

మా పెద్దల్లో పెద్ద, క్యమన్య గారు, పక్కవాడి చెవిలో, "మనకు వచ్చింది కోడలా, హాజరు పట్టీయా?" అన్నారు. ఆయన గుసగుస అంటే మూడు కొండల అవతలికి వినబడుతుంది. అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణి నేను. మహారాజు గారు దూడల వైపు చూశారు, రాణిగారి వైపు చూశారు, ఏమీ అనలేదు. అప్పటినుంచీ పెద్దగా ఏమీ అనడం లేదు.

ఆ ఏడాది ఇరవయ్యారు మంది పిల్లలు బడిలో చేరారు. రాణిగారు అంతటితో ఊరుకునే మనిషి కాదు. ఊరూరా నడిచి వెళ్లి బడి ముందు నిలబడి తానే పేర్లు పిలిచేవారు. పలకని పిల్ల ఇంటికి తిన్నగా వెళ్లేవారు. ఆమె వస్తున్నారంటే అరటి తోటల్లో దాక్కునే తండ్రులు ఉండేవారు. ఆమె తోటలోకీ వెళ్లేవారు.

3. ఇక నా నేరం. దీన్ని రాయకుండానే అర్జీ ముగించవచ్చునని మా ఇంటిది సలహా ఇచ్చినది. అయినను రాయుచున్నాను.

తొమ్మిదేళ్ల క్రితం న్యమహుంగె అనే పదిహేనేళ్ల పిల్ల, కొండ అవతలి ఊరినుంచి మూడు గంటలు నడిచి గేటు దగ్గరకు వచ్చింది. చేతిలో ఉత్తరం. "రాణిగారికి ఇవ్వాలి బాబాయ్, తొందర" అంది. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు. ఆ సంగతి నగరులో ఎవరికీ తెలియదు. ఎవరు కాగితం తెచ్చినా కనుబొమలు ముడిచి కాసేపు చూసి, మనిషి వాలకాన్ని బట్టి లోపలికి పంపడమో, తిప్పి పంపడమో చేసేవాణ్ణి. ఆ పిల్ల కాళ్ల నిండా బురద ఉంది. ఉత్తరం తీసుకుని అటూ ఇటూ చూసి, "ఇది ఇక్కడిది కాదు, తాలూకా కచేరీకి పో" అన్నాను.

"రాణిగారి పేరే రాసి ఉంది కదా బాబాయ్?"

"నాకు చదవడం నేర్పుతావా?" అని కసిరాను.

అయ్యా, ఆ పిల్ల వెళ్లిపోయింది. వాళ్ల బడి నుంచి తొమ్మిది మంది ఆడపిల్లల పేర్లు పరీక్షకు పంపకుండా ఆపేశారనీ, రెండు రోజుల్లో గడువు అయిపోతుందనీ ఆ ఉత్తరంలో ఉందట. తొమ్మిది మందీ ఆ ఏడాది పరీక్ష రాయలేదు. మరుసటి నెలలో న్యమహుంగెకు పెళ్లి చేసేశారు.

ఆ ఉత్తరం కచేరీల చుట్టూ తిరిగి చివరికి తన చేతికి చేరి, సంగతి తెలిసిన రోజున రాణిగారు నన్ను పిలిపించారు. ఉత్తరం నా చేతికిచ్చి, "ఆరాలీ, ఇందులో ఏముందో చెప్పు" అన్నారు.

"కళ్లు మసకలు తల్లీ" అన్నాను.

ఆమె వారం తిరగకుండా పట్నంనుంచి డాక్టరును పిలిపించి నాకు కళ్లద్దాలు పెట్టించారు. మళ్లీ అదే ఉత్తరం ఇచ్చారు. "ఇప్పుడు?"

చాలాసేపు చూశాను. చీమలు చాలా స్పష్టంగా కనిపించాయి.

"కళ్లద్దాలు బాగానే ఉన్నాయి తల్లీ" అన్నాను. "నేనే బాగాలేను."

ఉద్యోగం ఊడిందనుకుని ఈటె గోడకు ఆనించాను. రాణిగారు దాన్ని తీసి మళ్లీ నా చేతిలో పెట్టారు. "రేపు పొద్దున పాలు పితికే వేళకు గేటు దగ్గరే ఉండు. సుద్దముక్క నేను తెస్తాను" అన్నారు. నిజంగానే తెచ్చారు. రాణిగారు నా ముక్కాలి పీట మీద, నేను నేల మీద. గేటు తలుపే పలక. దారిన పోయేవాళ్లందరూ ఆగి చూసేవారు. పొమ్మందామంటే వాళ్లను పొమ్మనే ఉద్యోగి నేనే. నేనేమో అక్షరాలు దిద్దుతున్నాను.

న్యమహుంగె అత్తవారింటికి కూడా రాణిగారు మూడుసార్లు వెళ్లారు. మూడోసారి ఆ ఇంటి మామగారు, "మా కోడలు చదివితే మా జొన్నలు ఎవరు విసురుతారమ్మా?" అన్నాడట. రాణిగారు చీర కొంగులాంటి ఆ పెద్ద పైబట్టను నడుముకు బిగించి తిరగలి ముందు కూర్చున్నారట. మధ్యాహ్నం దాకా విసిరారట. ఆయన సిగ్గుపడి ఒప్పుకున్నాడు. న్యమహుంగె చంటిబిడ్డను వీపున కట్టుకుని బడికి వెళ్లింది. రెండేళ్లుగా మా పెద్దల తరగతికి ఆమే పంతులమ్మ. నాకు ఇప్పటికీ బి అక్షరం, డి అక్షరం తారుమారవుతాయి. "పొట్ట ఎటు ఉందో చూసుకో బాబాయ్" అంటుంది. ఆ ఉత్తరం సంగతి ఇంతవరకు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని అనేకసార్లు అనుకొనియున్నాను.

4. ఏడు తరగతులు నేను తొమ్మిదేళ్లలో పూర్తి చేసితిని. నాలుగో తరగతి మూడేళ్లు పట్టినది. అందుకు బాధ్యత భిన్నములది.

5. తమ గుమాస్తా గారి అభ్యంతరాలు రెండు. ఒకటి, పుట్టిన తేదీ. నేను పశువులకు పెద్ద జబ్బు వచ్చిన ఏడు, ఆఖరి ఆవు చచ్చిన మర్నాడు పుట్టానని మా అమ్మ సాక్ష్యం. ఆవు చచ్చిన తేదీకి కాగితం కావాలన్నారు.

రెండోది, తల్లిదండ్రుల సంతకం. మా నాన్న పోయి నలభై ఏళ్లు. రాణిగారిని అడిగితే, "నేను నీకు పంతులమ్మనే కానీ అమ్మను కాదు ఆరాలీ" అన్నారు. మా అమ్మ ఉన్నది. తొంభై దాటింది. వేలిముద్ర వేసింది. వేలిముద్ర చెల్లదు, సంతకమే కావాలని రెండోసారి తిప్పి పంపారు. మా అమ్మకు కోపం వచ్చింది. "ఆ గుమాస్తా ఎవర్రా, నా వేలు చెల్లదనడానికి? ఈ వేలు పట్టుకునే కదరా నువ్వు నడక నేర్చింది!" అని, మంగళవారం నుంచి తానే ఒకటో తరగతిలో చేరింది. ఇప్పటికి తన పేరులో మూడు అక్షరాలు వచ్చాయి. ఇంకా అయిదు ఉన్నాయి. శుక్రవారం లోపు రావని న్యమహుంగె అభిప్రాయం.

6. ఈ పరీక్ష వల్ల నాకు ఉద్యోగం పెరగదు. అయితే మా కొండ మీద ఇరవై ఇద్దరు మగవాళ్లు, "ఆరాలీ గట్టెక్కితే మేమూ చేరతాం" అని చెప్పి గడ్డాలు నిమురుకుంటూ కూర్చున్నారు. క్యమన్య గారు అందులో ఒకరు. ఆయన నిన్న గేటు దగ్గర ఆగి, "ఏమోయ్, తీసుకున్నారా నీ కాగితం?" అని అడిగారు. ఎగతాళికే అడిగారు. కానీ లేదని చెప్పినప్పుడు ఆయన ముఖం చిన్నబోయింది. ముప్పయ్యొక్కేళ్లుగా మనుషుల ముఖాలు చూసి గేటు తీసినవాణ్ణి. ఆ మాత్రం నాకు తెలుసు.

కావున, నా పుట్టిన తేదీకి మా అమ్మ మాటను సాక్ష్యముగాను, ఆమె వేలిముద్రను సంతకముగా అంగీకరించవలెననియు, అది కుదరనిచో ఆమెకు మిగిలిన అయిదు అక్షరాలు వచ్చువరకు గడువు పొడిగించవలెననియు కోరుచున్నాను. గడువు దాటించి తొమ్మిది మందిని ఇంటికి పంపినవాడినే ఈ మాట అడుగుచున్నానని నాకు తెలియును. తెలిసే అడుగుచున్నానని తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ర్వకైకర ఆరాలీ
(స్వహస్తములతో)

మళ్లీ మనవి: ఈ అర్జీని రాణిగారు చూశారు. పదకొండు తప్పులున్నాయన్నారు. నాలుగు దిద్దించారు. "మిగతావి అలాగే ఉండనీ, నువ్వే రాశావని అధికారి గారికి తెలుస్తుంది" అన్నారు. ఆ ఏడూ ఎక్కడున్నాయో ఎంత అడిగినా చెప్పడం లేదు. నిన్న మధ్యాహ్నం నుంచి అన్నం సహించడం లేదు. తమకు కనబడితే దయచేసి ఉత్తరం రాయండి. గేటు దగ్గర ఇస్తే చాలు. నేనే విప్పి చదువుకుంటాను.